బీజాపూర్ బాటలో పొగగొట్టం

హైదరాబాదు నుంచి పడమరగా బయలుదేరి మొయినాబాద్, చేవెళ్ల, మన్నెగూడ, పరిగి, కొడంగల్ మీదుగా సాగే రహదారిని ఈ ప్రాంతపు జనం నేటికీ బీజాపూర్ రోడ్డు అనే వ్యవహరిస్తారు. ఊడలు దిగిన మర్రిచెట్ల వరుసల వల్ల, వాటిని నరకకుండా కాపాడాలన్న వ్యాజ్యాల వల్ల ఈ మధ్య పేరు మారుమోగిన ఈ బాటకు, అంతగా ఎవరూ తలచుకోని మరో సంబంధం కూడా ఉంది. మన దేశంలో పొగతాగే గొట్టాన్ని ఎలా చేశారో, దానికి రంగూ నగిషీ ఎలా అద్దారో వివరంగా చెప్పిన తొలి రాతల్లో ఒకటి ఈ బాట చివరనున్న బీజాపూరుకు సంబంధించినది.

అక్బరు తన కుమారుడు దానియాల్‌కు బీజాపూరు సుల్తాను రెండవ ఇబ్రహీం ఆదిల్‌షా కుమార్తెను వధువుగా తీసుకురావడానికి అసద్ బేగ్ అనే కొలువుదారుణ్ణి రాయబారిగా పంపాడు. అసద్ బేగ్ తన జ్ఞాపకాల్లో రాసుకున్నదాని ప్రకారం, ఉత్తరాదిన అంతకుముందు తాను చూడని పొగాకు బీజాపూరులో కనబడగా, దానిని కొంత వెంట తీసుకుని, పాదుషాకు సమర్పించడానికి తగిన గొట్టాన్ని ప్రత్యేకంగా సిద్ధం చేయించాడు. మూడు మూరల పొడవున్న ఆ గొట్టపు కాడ సుమత్రా దీవిలోని అచే రేవు నుంచి వచ్చిన రకం. దానిని చక్కగా ఆరబెట్టి, రంగు వేసి, రెండు కొసలకూ రత్నాలు, మీనాపని కూర్చి, నోటికి ఆనే చోట కోడిగుడ్డు ఆకారపు యెమెన్ అకీకు రాయిని పొదిగారు. పొగాకును వెలిగించే నిప్పుగిన్నె బంగారంది. 1604 ప్రాంతంలో ఆగ్రా కొలువులో వెండి పళ్లెంలో పెట్టిన ఈ సరంజామాను చూసి అక్బరు రెండు మూడు దమ్ములు పీల్చగా, పక్కనున్న వైద్యుడు కంగారుపడి వారించాడు. 1617లో జహంగీరు పొగాకును నిషేధిస్తూ ఫర్మానా జారీ చేశాడు గాని, ఆ ఫర్మానా ఎవరినీ మాన్పించలేకపోయింది.

హుక్కాను కనిపెట్టినవాడు అక్బరు కొలువులోని హకీం అబుల్ ఫతే గిలానీ అని పలు పుస్తకాలు ఒకదానిని చూసి మరొకటి రాస్తూ వచ్చాయి. గిలానీ 1589లోనే మరణించాడు కనుక, పదిహేనేళ్ల తరువాత ఆ కొలువు తొలిసారి చూసి వింతపడిన పొగాకుకు ఆయన నీటిపాత్రను కల్పించాడనడం నమ్మదగిన మాట కాదు. పోర్చుగీసు ఓడల్లో పడమటి తీరానికి దిగిన పొగాకు ముందుగా దక్కన్ సుల్తానులకే అందిందన్నది మాత్రం నిశ్చయం. బీజాపూరుకూ గోల్కొండకూ వియ్యం ఉన్నందున (మహమ్మద్ కులీ కుతుబ్‌షా సోదరి ఇబ్రహీం ఆదిల్‌షా భార్య) ఒక కొలువులోని వేడుక రెండో కొలువుకు చేరడానికి ఎంతోకాలం పట్టి ఉండదు.

పొగను నీటిలోంచి లాగి చల్లబరిచే సాధనం హుక్కా. మొదట్లో ఆ నీటిపాత్రగా కొబ్బరిచిప్ప పనికివచ్చేది. పారసీకంలో కొబ్బరికాయకున్న నార్గీల్ అనే పేరే పశ్చిమాసియాలో హుక్కాకు పేరైంది. పాత్రపై నిలిచే కాడను నేచా అనీ, పొగాకూ నిప్పూ పెట్టే మూకుడును చిలుం అనీ అంటారు. చిలుం కుమ్మరి సారెపై పుట్టే మట్టి వస్తువు. హుక్కా కొనలేనివాడు ఒక్క చిలుంనే, లోపల చిన్న రాయి వేసి, అడుగున తడిగుడ్డ చుట్టి, గుప్పిట పట్టి పీల్చేవాడు. తెలుగు రైతుకు మాత్రం ఆకునే చుట్టి కాల్చుకునే చుట్ట ఉండగా గొట్టంతో పని పడలేదు. అందువల్లనే దక్కన్‌లో పొగగొట్టపు పనితనమంతా దర్బారుల నీడలో పెరిగింది.

ఆ పనితనం పరాకాష్ఠకు చేరింది చేవెళ్లకు వాయవ్యంగా ఉన్న బీదరులో. 1956 వరకు హైదరాబాదు రాష్ట్రంలోనే ఉండిన ఈ పట్టణపు బిద్రీ పనిలో హుక్కా పాత్రలే ప్రసిద్ధమైనవి. పదిహేడో శతాబ్దపువి కుండలా గుండ్రంగా ఉంటే, తరువాతి శతాబ్దంలో గంట ఆకారంవి వాడుకలోకి వచ్చాయి. ఎక్కువ పాలు తుత్తునాగమూ కొద్దిగా రాగీ కలిపిన లోహాన్ని ఇసుక అచ్చులో పోత పోసి, ఆకురాయితో నునుపు చేసి, మైలుతుత్తపు నీళ్లు పూసి తాత్కాలికంగా నలుపెక్కిస్తారు. ఆ నలుపు మీద గీసిన గీత వెంట సన్నని ఉలితో గాడి తొలిచి, అందులో వెండి తీగను సుత్తితో కొట్టి కూర్చి, పైభాగాన్ని మళ్లీ అరగదీస్తే వెండికీ తుత్తునాగానికీ తేడా కంటికి ఆనదు. అప్పుడు బీదరు కోటలో ఎండా వానా సోకని చోటు నుంచి తెచ్చిన మట్టిని నవాసాగరంతో కలిపి మరిగించి పట్టిస్తారు. మట్టి పనికివచ్చేదో కాదో పనివాడు నాలుకపై వేసుకుని రుచి చూసి చెబుతాడు. కొద్దిసేపట్లో లోహం కారునలుపు తిరుగుతుంది. వెండి తెల్లగానే మిగిలి, అంతవరకు కనబడని పువ్వూ తీగా ఒక్కసారిగా తేలుతాయి. పైన నూనె రుద్దడంతో పని ముగుస్తుంది.

రంగు ఒకచోట పట్టి మరోచోట పట్టకపోవడమనే ఇదే సూత్రం ఐరోపాలో కొయ్యపై పనిచేసింది. మధ్యధరా తీరపు పొద అయిన ఎరికా అర్బోరియా వేరు మొదట్లో ఊరే గట్టి గడ్డనే బ్రయర్ అంటారు. నిప్పుకు సులభంగా కాలిపోని గుణం ఉండటంతో, పంతొమ్మిదో శతాబ్దపు రెండో సగంలో ఫ్రాన్సులోని సేన్‌క్లోద్ పట్టణం ఈ గడ్డలతో పైపుల పరిశ్రమకే కేంద్రమైంది. గడ్డను కోసి, గంటల తరబడి ఉడకబెట్టి, నెలల తరబడి ఆరనిచ్చిన తరువాతే చెక్కుతారు. నేడు సరదాకు ఇంట్లో పైపు చెక్కేవారు కూడా ముందుగా ముదురు రంగు పూసి, గరుకు కాగితంతో రుద్ది, ఆపై లేతరంగు వేస్తారు. చెక్కలో గట్టి చార రంగును వదిలేస్తుంది, మెత్తని చార పట్టుకుంటుంది, ఆ తేడాయే నిప్పుసెగలా కనబడుతుంది. వెండీ తుత్తునాగమూ బీదరులో ఆడే ఆటను ఇక్కడ ఒకే చెక్కలోని రెండు చారలు ఆడతాయి. రెండు పనుల్లోనూ రంగు అంతటా సమానంగా పట్టకపోవడమే అందానికి మూలం. పనికి పట్టే ఓపికను బట్టి చూస్తే మాత్రం బిద్రీదే పైచేయి అనక తప్పదు.

1930లో వజీర్ సుల్తాన్ టొబాకో కంపెనీ ఏర్పడి చార్మినార్ సిగరెట్టు ఇంటింటికీ చేరేనాటికి హుక్కా హైదరాబాదులో పాత దేవిడీల వస్తువై మిగిలింది. బిద్రీ పనివారు అదే నలుపును, అదే వెండిని పూలకూజాలకూ గుండీలకూ మళ్లించుకున్నారు. 2006లో ఆ పనికి భౌగోళిక గుర్తింపు దక్కింది. హుక్కా పార్లర్లను నిషేధించే బిల్లును 2024 ఫిబ్రవరిలో తెలంగాణ శాసనసభ ఆమోదించింది. మ్యూజియం అద్దాల వెనుక నేడు కనిపించేవి చాలావరకు నీటిపాత్రలు మాత్రమే. వాటిపై ఒకప్పుడు నిలిచిన మట్టి చిలుములు పగిలిపోయాయి, రంగు వేసిన కాడలు పుచ్చిపోయాయి.