చుక్క చుక్కా కారే నూనె - ఆటోమేటిక్ గేరుబాక్సు కథ, పాత కారు లీకు మరమ్మతు

క్లచ్ పెడలు లేని బండి అంటే ఈ రోజుల్లో పిల్లలకు వింత కాదు. స్కూటీతో మొదలుపెట్టినవాడికి గేరు అంటేనే తెలియదు. అయితే ఈ సౌకర్యం ఒక్కరోజులో వచ్చింది కాదు. దీని వెనక 80 ఏళ్లకు పైబడిన కథ ఉంది. అందులో యుద్ధం ఉంది, అగ్నిప్రమాదం ఉంది, సముద్రంలోని తిమింగలం కూడా ఉంది. మొదటినుంచీ ఇంజనీర్లను వేధించిన సమస్య మాత్రం ఒక్కటే: నూనెను లోపల నిలబెట్టడం. పాతకాలపు ఆటోమేటిక్ కారును సొంత చేతులతో బాగుచేసుకోవాలనుకునే సోదరులకు ఈ కథ తెలిస్తే సగం పని అయినట్టే.

హైడ్రామాటిక్ పుట్టుక

అమెరికాలోని జనరల్ మోటార్స్ కంపెనీ 1939లో హైడ్రామాటిక్ గేరుబాక్సును ప్రకటించి, 1940 మోడల్ ఓల్డ్స్‌మొబైల్ కార్లలో పెట్టింది. దానికి అదనపు ధర 57 డాలర్లు. ఎర్ల్ థాంప్సన్ అనే ఇంజనీరు నాయకత్వంలో తయారైన ఈ పెట్టెలో ముందుకు నాలుగు గేర్లు ఉండేవి.

పనిచేసే తీరు తేలికగా చెప్పాలంటే, రెండు టేబుల్ ఫ్యాన్లు ఎదురెదురుగా పెట్టి ఒకదానికే స్విచ్ వేయండి. ఆ గాలికి రెండోది కూడా తిరుగుతుంది. ఇక్కడ గాలికి బదులు నూనె. అదే నూనె ఒత్తిడితో లోపలి క్లచ్‌లను, బ్యాండ్లను బిగిస్తుంది. భాగాలను చల్లబరిచేదీ అదే. మామూలు గేరుబాక్సులో నూనె కొంచెం తగ్గినా బండి నడుస్తుంది. ఇందులో తగ్గితే ఒత్తిడి పడిపోయి, క్లచ్‌లు జారి, కాలిపోతాయి. కింద పడే చుక్క చిన్నదని వదిలేయకూడదనేది ఇందుకే.

యుద్ధంలో పరీక్ష

రెండో ప్రపంచ యుద్ధంలో విమానాలకు రేడియల్ ఇంజన్లు చాలక, అమెరికా సైన్యం 1942లో ఎం5 స్టువర్ట్ తేలికపాటి ట్యాంకులో రెండు కాడిలాక్ కారు ఇంజన్లు, వాటికి రెండు హైడ్రామాటిక్ గేరుబాక్సులు పెట్టింది. కార్ల కోసం పుట్టిన పెట్టె ట్యాంకును లాగింది.

ఈ ట్యాంకులే మన చరిత్రలోకీ వచ్చాయి. 1948 నవంబరు 1న 7వ కావల్రీకి చెందిన స్టువర్ట్ ట్యాంకులు సుమారు 11,500 అడుగుల ఎత్తులోని జోజిలా కనుమ మీద విరుచుకుపడ్డాయి. అంత ఎత్తుకు ట్యాంకు వస్తుందని శత్రువు కలలో కూడా అనుకోలేదు. కంచరగాడిదల బాటను ట్యాంకు ఎక్కేలా వెడల్పు చేసింది మద్రాస్ శాపర్స్. ఆ దళంలో మన తెలుగువాళ్ళు తరతరాలుగా పనిచేస్తున్నారని వేరే చెప్పక్కర్లేదు. 1971లో గరీబ్‌పూర్ దగ్గర మన పీటీ-76లు ఎదుర్కొన్న పాకిస్తాన్ చాఫీ ట్యాంకుల్లోనూ ఈ గేరుబాక్సే ఉంది.

ఒక నిప్పురవ్వ

1953 ఆగస్టు 12న డెట్రాయిట్ పక్కన లివోనియాలోని హైడ్రామాటిక్ ఫ్యాక్టరీ తగలబడిపోయింది. కటింగ్ టార్చ్ నిప్పురవ్వలు కన్వేయరు కింద డ్రిప్ పాన్‌లో పడ్డాయి. అందులో తుప్పు నివారణకు వాడే ద్రవం కారి చేరింది. అది అంటుకుంది. కార్మికులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. కాడిలాక్, ఓల్డ్స్‌మొబైల్ కార్లకు కొంతకాలం బ్యూక్ వారి డైనాఫ్లో గేరుబాక్సు బిగించి అమ్మాల్సి వచ్చింది. యుద్ధకాలంలో బి-24 బాంబర్లు తయారైన విల్లో రన్ ఫ్యాక్టరీలో కొద్ది నెలల్లోనే మళ్ళీ ఉత్పత్తి మొదలుపెట్టారు. మనకు పాఠం ఏమిటంటే, కారిన నూనె దగ్గర బీడీ, వెల్డింగు రెండూ వద్దు. వేడి సైలెన్సర్ మీద పడే చుక్క కూడా ప్రమాదమే.

తిమింగలం నూనె

1949లో జనరల్ మోటార్స్ టైప్ ఎ అనే నూనె ప్రమాణం తెచ్చింది. 1967లో డెక్స్‌రాన్ వచ్చింది. క్లచ్ మెత్తగా పట్టుకోవడానికి ఈ నూనెల్లో స్పెర్మ్ తిమింగలం నూనె కలిపేవారు. 1970లో అమెరికా ఆ జీవిని అంతరించిపోతున్న జాబితాలో చేర్చాక, వేరే రసాయనాలు వెతుక్కోవాల్సి వచ్చింది. కాబట్టి ఎర్రగా ఉన్నదల్లా ఒకటే నూనె కాదు. పాత ఫోర్డ్ పెట్టెలు చాలావాటికి టైప్ ఎఫ్ కావాలి. కారు పుస్తకం చూశాకే సీసా కొనండి.

లీకు ఎక్కడిదో కనిపెట్టడం

ఈఎంఈలో మాకు నూరిపోసిన మాట, ముందు తప్పు కనిపెట్టు, తర్వాతే పానా పట్టు. బండి కింద రాత్రంతా అట్టముక్క పరచండి. ఎర్రటి చుక్క అయితే గేరుబాక్సుది, గోధుమ రంగో నలుపో అయితే ఇంజనుది. నూనె బాగా పాతబడితే గేరుబాక్సుదీ గోధుమ రంగుకు తిరుగుతుంది, అది గమనించాలి. నడిచేటప్పుడు గాలి నూనెను వెనక్కి తోస్తుంది కనుక, చుక్క పడ్డచోటు లీకు చోటు కాదు. ఇంకా ముందుకు, ఇంకా పైకి చూడాలి. పెట్టెను శుభ్రంగా కడిగి, ఆరాక టాల్కం పౌడరు చల్లి, కాస్త తిప్పుకు రండి. తడి దారి గీతలా కనిపిస్తుంది.

నూనె ఎక్కువైనా నురగెత్తి గాలి రంధ్రం నుంచి బయటికొస్తుంది. అందుకని ఇంజను ఆడుతుండగా, నూనె వేడెక్కాక, పుస్తకంలో చెప్పిన పద్ధతిలో మట్టం చూడండి. నెలల తరబడి ఆపేసిన కారులో పైనున్న నూనె పాన్‌లోకి దిగి, గేరు లివర్ షాఫ్టు సీలు దగ్గర కారుతుంది. నేల మీద చుక్క లేకుండానే నూనె తగ్గుతూ, తెల్లటి పొగ వస్తుంటే వాక్యూమ్ మాడ్యులేటర్ ఉన్న కార్లలో దాని రబ్బరు పొర చిరిగినట్టు. గొట్టం పీకి చూస్తే లోపల ఎర్రగా ఉంటుంది.

మరమ్మతు

ఎక్కువగా కారేది అడుగు పాన్ గాస్కెట్. పాత కార్లలో కార్క్‌ది ఉంటుంది. కారుతోందని బోల్టులు ఇంకా బిగిస్తే కార్క్ పగిలి, పాన్ అంచు వంగిపోతుంది. పాన్ ఊడదీసి, అంచును చెక్క మీద పెట్టి సుత్తితో సమం చేసి, కొత్త గాస్కెట్ వేసి, బోల్టులు ఎదురెదురుగా, విడతలుగా పుస్తకం చెప్పినంతే బిగించాలి. వెనక సీలు కారితే ప్రొపెల్లర్ షాఫ్టు దింపి, పాతది పీకి, కొత్తది సమానంగా తట్టి కూర్చోబెట్టాలి. షాఫ్టు యోక్ మీద గాడి పడినా, బుష్ అరిగినా కొత్త సీలూ నిలవదు. కూలర్ గొట్టాల యూనియన్లు, డిప్‌స్టిక్ గొట్టం కింద రింగు ఇంట్లో చేసుకునే పనులే. సీసాలో దొరికే లీకు మందులు రబ్బరును ఉబ్బిస్తాయి. అది నాలుగు రోజుల వైద్యం.

ముందు పంపు సీలు మాత్రం ఒంటరిగా చేసే పని కాదు. గేరుబాక్సంతా దింపాలి, సాయం ఉండాలి. ఏ పనికైనా ఒక్క జాకీని నమ్మి బండి కింద దూరవద్దు. గట్టి నేల మీద స్టాండులు వేసి, చక్రాలకు అడ్డు పెట్టండి.

జోజిలా ఎక్కిన ట్యాంకుకైనా, మన షెడ్డులోని కారుకైనా కావాల్సింది ఒక్కటే: ఉన్న నూనె ఉన్నచోట ఉండటం. దానికి ఖరీదైన పనిముట్లు అక్కర్లేదు. శుభ్రమైన గుడ్డ, మంచి వెలుతురు, ఓపిక చాలు. ఓపిక మన ఫౌజీలకు ఒకరు నేర్పాలా? మనవణ్ణి కూడా పక్కన కూర్చోబెట్టుకుని చేయండి. బండితో పాటు పనీ వాడి చేతికి వస్తుంది.