అప్‌పార్క్: కాలిన ఇంటిని ఏ రోజుకు తిరిగి తేవాలి?

ఇంగ్లండ్ గ్రామీణ సౌధాలను అధ్యయనం చేసేటప్పుడు మీరు కట్టించినవారి పేరు, కాలం, శైలి గుర్తుంచుకుంటారు. అప్‌పార్క్ విషయంలో అది చాలదు. పశ్చిమ ససెక్స్‌లో కొండమీద ఉన్న ఈ ఎర్ర ఇటుకల భవనం 1690 ప్రాంతంలో నిర్మించబడింది. 1747లో దీన్ని కొన్న సర్ మాథ్యూ ఫెదర్‌స్టన్‌హా లోపలి గదులను అలంకరింపజేశాడు. ఆయన కుమారుడు సర్ హ్యారీ డెబ్బై ఏళ్లు దాటాక, 1825లో, తన ఎస్టేటు పాలశాలలో పనిచేసే మేరీ ఆన్ బుల్లక్‌ను వివాహమాడాడు. ఆ కాలపు దొరలకు ఇది పెద్ద వింత. మనకు ముఖ్యమైనది తరువాతి సంగతి: భర్త మరణానంతరం ఆమె, ఆమె చెల్లెలు ఇంటిని దాదాపు ఉన్నది ఉన్నట్టే ఉంచారు. 1930లలో లేడీ మీడ్-ఫెదర్‌స్టన్‌హా పాత తెరలను, మన కుంకుడు రసంలాగా నురగనిచ్చే ఒక మొక్కతో శుభ్రపరచి, ఓపికగా కుట్టి నిలబెట్టింది. అంటే వెలిసిన రంగులే ఈ ఇంటి ప్రత్యేకత.

1954లో భవనం నేషనల్ ట్రస్ట్‌కు చేరింది. 1989 ఆగస్టు 30న, ముగింపుకు వచ్చిన మరమ్మతు పనుల్లో, పైకప్పు సీసపు రేకులను వేడిచేసి అతికిస్తుండగా నిప్పంటుకుంది. పై అంతస్తులు కాలి కూలాయి. అయితే కింది అంతస్తులోని చిత్రాలను, సామగ్రిని చాలావరకు మనుషులు చేతులమీదుగా బయటికి చేరవేశారు. శిథిలాలను పురావస్తు తవ్వకంలోలాగా గడులుగా విభజించి, చెత్తడబ్బాలకెత్తి జల్లెడ పట్టారు. గచ్చు పూల తునకలు, చెక్కడపు ముక్కలు దొరికాయి. వాటి ఆధారంగా ఇంటిని అగ్నిప్రమాదానికి ముందురోజు ఉన్న స్థితికి తేవాలని ట్రస్ట్ నిర్ణయించింది. అచ్చులు లేకుండా సున్నపు గచ్చును చేత్తో మలిచే పద్ధతిని పనివాళ్లు మళ్లీ నేర్చుకోవలసివచ్చింది. కొత్త భాగాలు పక్కనున్న పాతవాటితో కలిసిపోయేలా రంగు వేశారు. 1995లో సందర్శకులను తిరిగి అనుమతించారు.

ఇది మోసం కాదా అని మీకు సందేహం రావచ్చు. 1877లో విలియం మోరిస్ ప్రాచీన కట్టడాల రక్షణ సంఘాన్ని స్థాపించినది ఇటువంటి పునర్నిర్మాణాలను వ్యతిరేకించడానికే. పాతదనాన్ని కొత్తగా తయారుచేయలేమని ఆయన వాదం. ఆ వాదం బలమైనదే. కానీ మోరిస్ కాలపు పునరుద్ధారకులు ఊహించిన ‘అసలు రూపం’ కోసం నిజమైన పొరలను చెరిపేశారు. అప్‌పార్క్‌లో 1690 నాటి రూపాన్ని ఊహించే ప్రయత్నం జరగలేదు. తెరలకు పడిన అతుకులు సైతం చరిత్రగా లెక్కకు వచ్చాయి. అందుకే నా దృష్టిలో ఆ నిర్ణయం సమర్థనీయం.

దీన్నే సూత్రంగా అన్నిచోట్లా వర్తింపజేయకండి. సర్రేలోని క్లాండన్ పార్క్ 2015 ఏప్రిల్‌లో కాలిపోయినప్పుడు, అదే ట్రస్ట్ మొదట ప్రధాన గదులను పునరుద్ధరించాలనుకుంది. 2022లో మనసు మార్చుకుని, బయటపడిన ఇటుక గోడలు సందర్శకులకు కనిపించేలా పరిరక్షించాలని నిశ్చయించింది. అక్కడ లోపలి భాగం చాలావరకు నాశనమైంది. దాదాపు చెక్కుచెదరకుండా మిగిలిన ముఖ్యమైన గది ఒక్కటే, స్పీకర్స్ పార్లర్.