కపిల తోలు, చేతితొడుగు

సెప్టెంబరు 10వ తేదీ డాక్టర్ యలవర్తి నాయుడమ్మగారి జయంతి. 1922లో గుంటూరు జిల్లా యలవర్రున జన్మించి, కాశీ హిందూ విశ్వవిద్యాలయమునను, ఆపై అమెరికాలోని లీహై విశ్వవిద్యాలయమునను చదివి, 1958 మొదలు 1971 వరకు మద్రాసులోని కేంద్ర తోలు పరిశోధన సంస్థను నడిపి, తోలు ముట్టినవానిని దూరముగా నుంచిన సమాజమున తోలుశాస్త్రమును విద్వత్సభల కెక్కించిన ఆ మహనీయుడు 1985 జూన్ 23న కనిష్క విమాన దుర్ఘటనలో అసువులు బాసెను. ఆయనను స్మరించు ఈ వేళ, తోలుతో చేసిన వస్తువు లన్నింటిలోను మనము మిక్కిలి అజాగ్రత్తగా కొనునట్టి చేతితొడుగును గురించి వ్రాయుట ఉచితమని తోచినది. చెప్పు కొనునపుడు పాదము పెట్టి చూచి, నాలుగడుగులు నడచి, బేరమాడి కొను మనిషి, చేతితొడుగు కొనునపుడు మాత్రము దుకాణదారు చేతి కిచ్చినది సంచిలో వేసికొని వచ్చును. ఆ అలక్ష్యము అనంతపురము సీమలో మరింత తగదు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన కూడ నమ్మకముగా కురియని ఈ మెట్టనేల మీద చలి మనల నంతగా బాధింపదు గాని, ముల్లు బాధించును.

చేతికి తొడుగు వేసికొనుట చలిదేశములవారి విలాసమని పెక్కురు తలంతురు. కాని ఋగ్వేదము ఆరవ మండలమున ఆయుధములను స్తుతించు సూక్తమందు, వింటినారి తాకిడినుండి ధనుర్ధరుని ముంజేతిని కాచు హస్తఘ్నము ప్రస్తుతింపబడినది. వాల్మీకి బాలకాండమున విశ్వామిత్రుని వెంట బయలుదేరిన రామలక్ష్మణులు ఉడుము తోలుతో చేసిన అంగుళిత్రాణములు ధరించియే నడచిరి. యవనదేశమున హోమరు తన మహాకావ్యపు తుదిభాగమున, వృద్ధుడైన లయర్టీసు తన తోటలో ముండ్లపొదల కోర్వలేక చేతులకు తొడుగులు వేసికొని పాదులు త్రవ్వుచున్నట్లు వర్ణించెను. రాజైన కొడుకు దేశాంతరగతుడై తిరుగుచుండగా, తొడుగుల చేతులతో మట్టి త్రవ్వుకొను ఆ ముసలి రైతు మన పెనుకొండ, కళ్యాణదుర్గము పొలములకు పరాయివాడు కాడు.

ఆ తరువాతి శతాబ్దులు వేగముగా గడచిపోవును. మన సీమలో చోళులు, నొళంబులు, విజయనగర ప్రభువులు వచ్చిరి. పెనుకొండ రాజధాని యయ్యెను. లేపాక్షిలో పదునారవ శతాబ్దమున వీరభద్రాలయపు కప్పుల మీద చిత్రకారులు వన్నెవన్నెల వస్త్రములు చిత్రించిరి. ఆ కాలమంతయు తోలు పని చేసిన చేతుల పేర్లు ఏ శాసనమును మనకు చెప్పలేదు. చెప్పులు, తప్పెటలు, పగ్గములు, కొరడాలు, కపిల బానలు మాదిగవాడల నుండి ఊరికి చేరుచుండెను, కళ్లమున ధాన్యపు మేర ఆ వాడలకు చేరుచుండెను. అంతకు మించిన చరిత్ర లిఖితము కాలేదు.

తొడుగునకు కొలత యను భావము మాత్రము ఫ్రాన్సు దేశమున గ్రెనోబుల్ నగరమున పుట్టినది. గ్జావియే జూవేఁ అను తొడుగుల పనివాడు మనుష్యుల చేతులను శ్రద్ధగా పరిశీలించి, వాని పొడవు వెడల్పులను వర్గీకరించి, 320 కొలతలుగా నిర్ణయించి, 1834లో ఆ పద్ధతిని లోకమునకు వెల్లడించెను. తోలును ఆ కొలతకు ఒక్క దెబ్బతో కోయు ఇనుప అచ్చును కూడ ఆయనయే కల్పించెను. నేడు మనము ఏడు, ఏడున్నర, ఎనిమిది అని తొడుగుల కొలత చెప్పుకొనుట ఆ వంశమునకు చెందినదే. అరచేతి చుట్టుకొలత అంగుళములలో ఎంతయో తొడుగు అంకెయు నంతయే.

ఇక నాకు మిక్కిలి ప్రీతికరమైన ఘట్టమునకు వత్తును. దీని నాయకుడు తొడుగు కాదు, కపిల.

విద్యుత్తు మోటార్లు రాకమునుపు మన మెట్ట బావులనుండి నీరు పైకెక్కినది కపిలతోనే. బావి ఒడ్డున వాలుగా త్రవ్విన దారిలో జత ఎడ్లు దిగుచుండగా, గిలక మీద మోకు బిగుసుకొని, నిండిన తోలుబాన పైకి లేచును. బానకు క్రింద కుట్టిన తోలు తొండమును సన్ననిదైన రెండవ త్రాడు పైకి మడిచి పట్టియుండును. బాన ఒడ్డు కెక్కగానే తొండము సాగి, నీరు తనంతట తానే కాలువలోనికి దుముకును. ఎడ్లను తోలువాడు మోకు మీద కూర్చుండి తన బరువును గూడ ఎడ్ల కిచ్చి, పాట పాడుచు దిగి, మరల ఎక్కుచు, తెల్లవారినది మొదలు పొద్దెక్కువరకు మడి తడుపును. ఒక మనిషి, రెండెడ్లు, ఒక తోలు సంచి. కరువుసీమ కూడు తిన్నదన్న ఆ తోలు సంచి చలువయే.

ఆ సంచిని కుట్టిన చేతి నేర్పు సామాన్యము కాదు. తోలును సున్నపు నీటిలో నానబెట్టి, వెండ్రుకలు గీకి, తంగేడు చెక్క కాచిన నీటిలో ఊరబెట్టుదురు. కొన్నిచోట్ల తోలునే సంచిగా కుట్టి, అందు తంగేడు చెక్కను నీటిని నింపి, చెట్టు కొమ్మకు వ్రేలాడగట్టి, కారిన రసమును మరల మరల పోయుదురు. మన గుట్టల మీద వానకై ఎదురుచూడక పసుపుపూలు పూయు తంగేడు, బతుకమ్మకు పువ్వును, తోలుకు చెక్కను ఇచ్చు పొద. అట్లు పదునుపెట్టిన తోలు బలమైనదే గాని, దినదినమును నీటిలో నాని, ఎండలో ఎండి, మరల నానుచుండుటచే తంగేడు సారము కొంచెము కొంచెముగా కరగిపోయి, తోలు బిరుసెక్కి, చీలి, కుళ్లిపోవుచుండెను. బాన మార్చుట రైతునకు ప్రాణాంతకమైన ఖర్చు. కరువేట తోలు కొనుటకు రూక లేక బావి నీటిని బావిలోనే చూచి కన్నీరు పెట్టిన రైతులు ఎందరో యుందురు.

ఈ చిక్కును కనిపెట్టినవాడు ఆల్‌ఫ్రెడ్ చాటర్టన్. మద్రాసు ఇంజినీరింగు కళాశాలలో ఆచార్యుడై వచ్చి, పిదప అక్కడి కళాపాఠశాలలో అల్యూమినియము పాత్రల పరిశ్రమను మొలకెత్తించిన ఈ ఆంగ్లేయుడు, రైతుకు మంచి నీటిబాన ఎట్లు సమకూర్పవలెనని చింతించి, 1903 ప్రాంతమున క్రోము పదును ప్రయోగములు ప్రారంభించెను. అమెరికాలో అగస్టస్ షుల్జు 1884లో పేటెంటు పొందిన ఆ పద్ధతి అప్పటికి పాశ్చాత్య దేశములలో బూట్లకును, తొడుగులకును విరివిగా వాడుకలోనికి వచ్చుచుండెను. క్రోమియము లవణములు తోలులోని తంతువులను ఒకదానితో నొకటి గట్టిగా బంధించును గనుక, ఆ తోలు నీటికి కరగదు. మరుగు నీటిలో వేసినను మంచి క్రోము తోలు ముడుచుకొనక నిలువగలదు. లండను సంతలో అమ్ముడుపోవుటకు గాక, దక్షిణదేశపు బావిలో మునుగుటకై క్రోము తోలు ఈ దేశమున పుట్టుట నా మనస్సునకు ఎంతయో ఆనందము కలిగించు సంగతి.

కథ సుఖాంతము కాలేదు. ప్రభుత్వము వ్యాపారము చేయరాదని మద్రాసు వర్తకులు గగ్గోలు పెట్టిరి; లండనులో భారతమంత్రి యైన మోర్లే ప్రభువు 1910లో వారి పక్షమే వహించెను; ప్రభుత్వ క్రోము కర్మాగారము అమ్ముడుపోయెను; చాటర్టన్ 1912లో మైసూరు సంస్థాన కొలువులోనికి పోయెను. అయినను విత్తనము నేల పడినది. మద్రాసు శివార్లలో వెలసిన క్రోము తోలు కర్మాగారము పేరనే నేటి క్రోంపేట వెలసినది. 1948లో కేంద్ర తోలు పరిశోధన సంస్థ స్థాపితమై, అందు నాయుడమ్మగారు కాలుమోపునాటికి క్రోము పదును దక్షిణదేశమున ఇంటి విద్యయై యుండెను. మనము నేడు ధరించు మెత్తని తోలు తొడుగులలో అధికాంశము క్రోము పదునువే. చెమటకు తడిసి, ఎండకు ఆరి, మరల మెత్తగా వంగు ఆ గుణము ఏ కపిల బానకై వెదకబడెనో, ఆ గుణమే మన వ్రేళ్లకు నేడు ఉపకరించుచున్నది.

కావున తొడుగు నెంచుకొను విధము చెప్పెదను. ముందుగా చేతిని కొలువవలెను. పని ఎక్కువగా చేయు చేతికి, బొటనవ్రేలిని విడిచి, వ్రేళ్ల మొదళ్ల కణుపుల మీదుగా టేపు చుట్టి, పిడికిలి కొంచెము ముడిచి చూడవలెను. తోలు అడ్డముగా సాగునట్లును నిలువుగా సాగకుండునట్లును కోయుట నేర్పరి లక్షణము. కనుక అంగడిలో తొడుగును పట్టుకొని మెల్లగా అడ్డముగా లాగిన అది లొంగి, విడువగానే మరల స్వస్థితికి రావలెను. నిలువుగా లాగిన లొంగరాదు. అడ్డమునకు సాగుటచే తొలిదినమున కొంచెము బిగువుగా నున్న తొడుగే వారము పోయిన తరువాత సరిపోవును. తొలిదినముననే వదులైనది ఎన్నటికిని సరిపడదు. వ్రేలి కొసయందు ఖాళీ మిగులరాదు, వ్రేళ్ల సందులు తొడుగు సందులను తాకవలెను, పిడికిలి బిగించినపుడు కణుపుల మీద తోలు పట్టివేయరాదు.

తోలు ఎవరిదని అడుగుటకు సిగ్గుపడవలదు. మన సీమలో మేయు నెల్లూరు జాతి గొర్రె, పల్ల, జోడిపి, దొర అను మూడు తెగలదియు, ఉన్ని లేని వెండ్రుకల గొర్రె. అట్టి గొర్రె తోలు పలుచనై, మెత్తనై, పలుచదనమునకు మించిన గట్టిదనము గలది గనుక తొడుగులవారికి మిక్కిలి ప్రియమైనది. కంబళ్లకు ఉన్ని నిచ్చు నల్ల దక్కనీ గొర్రె తోలు అంత బిగువుగా నుండదు, పైపొర లోపొర విడివడు గుణము దానికి కలదు. మేక తోలు గట్టిది, రాపిడికి తాళును. ఆవు, ఎద్దు తోళ్లలో పైపొర పనివానికి శ్రేష్ఠము, అడుగుపొర చౌక, వెల్డింగు వేడికి ఆగును గాని చేతివ్రేళ్లకు నేర్పు నీయదు. బొటనవ్రేలితో తోలును నొక్కి చూచిన సన్నని ముడుతలు పడి మాయమగుట మేలు. లావు ముడుతలు నిలిచిపోయిన అది పొట్టభాగపు తోలని తెలియదగును. మిక్కిలి నిగనిగలాడు రంగుపూతకు మోసపోరాదు. మన కంపలో మేసిన జీవమునకు ముల్లు గీరిన గీత లుండును, మాని నయమైన చిన్న గీత తోలు బలమునకు లోపము కాదు. ఆ గీతలను మందపు పూతతో కప్పుటయే దోషము, పూత పగులును. లోపలి కుట్లను త్రిప్పి చూడుడు. వ్రేళ్ల సందులలో చిన్న తోలుముక్క చేర్చి కుట్టిన తొడుగు ఊరక రెండు పొరలు అతికినదానికంటె మేలు. రెండు చేతుల తోలును ఒకే మందమున నుండవలెను. తడిసిన తొడుగును నీడనే ఆరబెట్టవలెను, పొయ్యి దగ్గర పెట్టిన అది అప్పడమువలె ముడుచుకొనును.

ఇంతవరకు తిన్నగా నడచిన కథ మన కాలమునకు వచ్చుసరికి చెదరిపోవుచున్నది. తంగేడు చెక్కకు బదులు దక్షిణాఫ్రికా వాటిల్ చెక్క వచ్చినది. కపిల పోయినది, బోరు వచ్చినది, బోరులో నీరును పోయినది. క్రోము పదును మెత్తని తోలుతోబాటు పాలారు నది తీరమున రాణిపేట, వాణియంబాడి బావులకు విషమును గూడ ఇచ్చినది. 1996లో సుప్రీంకోర్టు ఆ విషయమున కఠినమైన తీర్పు నీయవలసివచ్చెను. తోలు తొడుగులు కుట్టి ఎగుమతి చేయుటలో నేడు కలకత్తా ముందున్నది. మన సీమలోని నిమ్మలకుంటలో తోలుబొమ్మల వారు మాత్రము మేక తోలును వెలుగు దూరునంత పలుచగా చేసి రామలక్ష్మణులను ఇప్పటికిని చిత్రించుచున్నారు; వారిలో దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ లభించినది. 2019లో పెనుకొండ దగ్గర కియా కార్ల కర్మాగారము ప్రారంభమైనది. అట్టి కర్మాగారములలో చేతికి తొడుగు లేనివానిని పనికి రానీయరు. కరెంటు తీగల మీద పనిచేయువారు రబ్బరు తొడుగును చిల్లి పడకుండ కాచుటకు దానిపై తోలు తొడుగు వేసికొందురు. గేటు లోపల ఉన్న ఈ శ్రద్ధ గేటు వెలుపలి చేనునకు చేరలేదు.

1877 ప్రాంతమున కడప జిల్లా కమలాపురమున మొదట విత్తిన సీమజాలి ముండ్లచెట్టు నేడు మన చెరువులను, బీళ్లను, దారులను ఆక్రమించినది. దానిని కొట్టి బొగ్గు కాల్చువారును, చేను గట్లను శుభ్రము చేయువారును ఒట్టిచేతులతోనే కొట్టుచున్నారు. ఆ ముల్లు వ్రేలిలో విరిగి చీముపట్టిన చేతులను నేను చూచితిని. అట్టి చేతికి నాలుగు దినముల కూలి పోవును.

పాఠకులారా, మీ పొలమున కంప కొట్టించునపుడు కూలివారి చేతులను కొలిపించుడు. మేక తోలుదియో, ఎద్దు పైపొర తోలుదియో, ముంజేయి సగము కప్పునట్టి పొడవైన తొడుగు కొని యిండు. ఆడవారికి మగవారి కొలత నీయకుడు. వదులు తొడుగున కొడవలి పిడి జారును, గాయము తప్పదు. వారి చేతులు చిన్నవి, వారి కొలత వేరు, అంగడిలో ఆ కొలతను అడిగి తెప్పించుడు.