వంటింటి కత్తికి పదును

మీట నొక్కినంతనే గిర్రున తిరిగి, మొద్దువారిన కత్తిని నిమిషములలో వాడి చేసి యిచ్చు విద్యుద్యంత్రము నేడు మన నగరముల వంటిండ్లలోనికి ప్రవేశించుచున్నది. దానిని జూచి అపూర్వవస్తువని మురియువారు కలరు. మోటారును తొలగించి చూచినచో ఆ పెట్టెలో మిగులునది ముఖ్యముగా తిరుగుడు చక్రమును, దానిని అంటియున్న కఠినమగు పొడియును. ఈ రెండును మన దేశమున మిక్కిలి పాతవి.

రాపిడిచే అంచును తీర్చు విద్య లోహముకంటె ముందు పుట్టినది. బళ్ళారి చెంతనున్న సంగనకల్లు, కుప్పగల్లు కొండలపై, సుమారు నాలుగువేల యేండ్లకు పూర్వము, ఇనుమెరుగని జనులు నల్లని డోలరైటు శిలను చెక్కి గొడ్డళ్ళుగా మలచి, వాని యంచులను బండలపై నూరి నునుపు చేసిరి. అట్లు నూరగా నూరగా ఏర్పడిన గాళ్ళు ఆ బండలపై నేటికిని కన్పట్టును. 19వ శతాబ్దమున రాబర్టు బ్రూసు ఫూటు దొర ఈ గొడ్డళ్ళ కర్మశాలను గుర్తించి విద్వల్లోకమునకు తెలియజేసెను.

ఇనుము వచ్చిన పిదప పదును బాధ్యత కమ్మరిదయ్యెను. కత్తిపీట అలుగు అరిగి మొద్దుపోయినప్పుడు ఇంటివారు దానిని కొలిమికడకు పంపుట, కమ్మరి దానిని కాచి, సాగగొట్టి, నీట ముంచి, ఆకురాతితో రాచి యిచ్చుట, అందులకు కూలి రొక్కముగా గాక పంటనాడు కల్లములో ధాన్యముగా ముట్టుట మన పల్లెలలో చిరకాలము సాగిన మర్యాద. నడుమ దినములలో ఇల్లాండ్రు ఊరగాయ జాడీని బోర్లించి, మెరుగు పూయని దాని యడుగంచుపైననో, నూతిగట్టు రాతిపైననో రెండుమార్లు రాచి పని గడుపుకొనెడివారు. వారికి ఖనిజశాస్త్రము తెలియదు. ఆ జాడీమన్ను ఉక్కును కొరుకునని మాత్రము వారి చేతులకు తెలియును.

సాన చక్రము చరిత్ర వేరు. అది మొదట వంటింటిది కాదు, ఆయుధశాలది. కురువింద శిలను మెత్తగా దంచి, ఆ పొడిని కరగిన లక్కలో కలిపి, బిళ్ళగా అదిమి, నడుమ ఇరుసు దూర్చి రెండు గుంజలపై నిలిపెడివారు. ఇరుసునకు చుట్టిన తోలుపట్టెను ఒకడు కూర్చుండి ఇరుకొనలను మార్చి మార్చి లాగుచుండగా, చక్రము ఒకసారి ముందునకును ఒకసారి వెనుకకును తిరుగుచుండ, వేరొకడు ఖడ్గమును దానికి ఆనించి పట్టెడివాడు. కాఠిన్యమున వజ్రమునకు తరువాతిదిగా గణింపబడు ఈ కురువిందము సేలము, అనంతపురము, ఖమ్మము ప్రాంతములలో లభించును. 1798లో చార్లెసు గ్రెవిల్ అను ఆంగ్లేయుడు లండనులోని రాయల్ సొసైటీ పత్రికలో ఈ రాతిని గూర్చి సవిస్తరముగా వ్రాసెను. అప్పటికి మన సానవాండ్రు దానిని తరతరములుగా వాడుచునే యుండిరి.

ఆంగ్ల ప్రభుత్వమువారు 1878లో ఆయుధముల చట్టమును తెచ్చి, అనుమతి లేనిదే కత్తి మొదలగు ఆయుధములు ధరించి తిరుగరాదన్న పిదప, ఖడ్గములకు మెరుగుపెట్టు సికిల్గారులవంటి వారికి పని సన్నగిల్లెను. సాన చక్రము చాకులకు, కత్తెరలకు, మంగలి కత్తులకు దిగివచ్చి వీథులవెంట తిరుగసాగెను. కాలితో త్రొక్కు చట్రమొకటి భుజమునకెత్తుకొని, తరువాత సైకిలునే స్టాండుమీద నిలిపి పెడలు త్రొక్కుచు, "కత్తులకు సాన!" అని కేకవేయు మనిషిని మన పట్టణములలో ఎరుగనివారు లేరు. అయితే అతని చక్రములోని రాయి మారిపోయినది. 1891లో అమెరికాలో ఎడ్వర్డు అచెసన్ మట్టిని, బొగ్గును విద్యుత్తుతో కాచి కార్బొరండమును కనుగొనెను. 1954లో మద్రాసున దాని సానరాళ్ళ కర్మాగారసంస్థ స్థాపితమైనది. లక్కబిళ్ళకు కాలము చెల్లెను.

విద్యుద్యంత్రము అమెరికా వంటింట పుట్టినది. డబ్బామూతలు కోయు యంత్రము వెనుక చిన్న సానచక్రమును తగిలించి అచట గత శతాబ్ది మధ్యకాలమున అమ్మిరి. అవి చాలవరకు కత్తిని పదునుపెట్టుటకంటె తినివేయుటయే యెక్కువ. 1985లో డేనియల్ ఫ్రీల్ అను శాస్త్రజ్ఞుడు కృత్రిమ వజ్రచూర్ణమును చక్రములకు పూసి, కత్తిని ఒక నిర్ణీత కోణమున మాత్రమే దూర్పగల సందులను అమర్చి యంత్రమును తీర్చెను. నా దృష్టిలో ఇందలి అసలు నూతనత్వము వజ్రము కాదు, విద్యుత్తు కాదు, ఆ సందు. ప్రక్కకు ఇరువది డిగ్రీలో, పదునైదో, ఏ కోణమును సానవాడు ఏండ్ల తరబడి మణికట్టులో నిలుపుకొనెనో దానిని యంత్రము పెట్టెలో బంధించినది. ఇందుచేత అనుభవము లేనివారికిని పదును సులభమైనది; నిప్పురవ్వలు రాలునట్లు అదిమిపట్టి అంచు మాడ్చి, ఉక్కు మెత్తపడునట్లు చేయు ప్రమాదమును తగ్గినది.

కాని ఆ సందు తిన్నని చాకుకొరకు చేసినది. పీటలో నాటబడి, వంకరగా పైకి లేచి, కొనయందు కొబ్బరికోరు దాల్చిన మన కత్తిపీట అలుగు అందులో పట్టదు. కావున చాకులు వాడువారు యంత్రమును నిస్సంకోచముగా కొనవచ్చును; కత్తిపీట గల యిండ్లవారు మాత్రము వీథిలో సానవాని కేక వినబడినప్పుడు అతనిని ఆపి, కూలికి బేరమాడక పని చేయించుకొనుడు.