విద్యాసుందరి నాగరత్నమ్మగారు

రజతోత్సవ సంచికకు ఒక స్త్రీరత్నము చరిత్రము వ్రాయవలసినదని కార్యదర్శిగారు కోరినపుడు, నేను మొల్లను గూర్చి వ్రాయుదునని అందరును తలంచిరి. ఆమె మన జిల్లా బిడ్డ. బద్వేలు దాపున గల గోపవరము ఆమె ఊరని మనవారి నమ్మకము. కాని మొల్లను గూర్చి వ్రాసిన పండితులు పెక్కుమంది గలరు. నేను లెక్కలు వ్రాసికొను వాడను. తన సంపాదనను తానే లెక్కించుకొని, తన యిష్టానుసారము వ్యయపరచి, ఎవరికిని తలవంచక వృద్ధురాలైన ఒక విదుషిని గూర్చి చెప్పుట నా బుద్ధికి దగియున్నది.

బెంగుళూరు నాగరత్నమ్మగారు 1878వ సంవత్సరము నవంబరు 3వ తేదీన మైసూరు రాజ్యములోని నంజనగూడున దేవదాసీ కుటుంబమున జన్మించిరి. పదునాలుగవ యేటనే తల్లి గతించెను. సంస్కృతమును, సంగీతమును కష్టించి నేర్చి, మదరాసు చేరి, గొప్ప గాయనియని కీర్తి గడించిరి. ఆ పట్టణమున ఆదాయపు పన్ను చెల్లించిన గాయనీమణులలో ఆమెయే మొదటివారని చెప్పుదురు. పన్ను కట్టుట కీర్తియా యని నవ్వెడివారు నవ్వవచ్చును; ఆ కాలమున స్త్రీ పేరు సర్కారు లెక్కలకెక్కుట సామాన్యము కాదని నేనెరుగుదును.

తంజావూరి ప్రతాపసింహుని ఆస్థానమునందలి ముద్దుపళని రచించిన రాధికాసాంత్వనము 1887లో అచ్చయ్యెను. నాగరత్నమ్మగారు ఆ ప్రతిని చదివి, అందు కొన్ని పద్యములు తొలగింపబడినట్లు గ్రహించి, వ్రాతప్రతిని సంపాదించి, సరిచూచి, 1910లో వావిళ్లవారిచే పూర్ణముగా అచ్చువేయించిరి. అంతకుముందే కందుకూరి వీరేశలింగం పంతులుగారు ఆ కవయిత్రిని, ఆమె కావ్యమును గర్హించియుండిరి. పంతులుగారు మనకందరకును పూజ్యులే. అయినను నాగరత్నమ్మగారు తమ పీఠికలో వారిని సూటిగా ప్రశ్నించిరి: సిగ్గు అనునది ఆడువారికేనా, మగవారికి లేదా? పంతులుగారే పరిష్కరించిన వైజయంతీవిలాసమునందు ఇట్టి శృంగారమే యుండగా, అది తగునదియు, ఇది తగనిదియు ఎట్లయ్యెను? ఈ ప్రశ్నకు సరియైన బదులు నేనెచ్చటను చదివియుండలేదు.

దొరతనమువారు మాత్రము 1911లో ప్రతులను పట్టించి, పుస్తకమును నిషేధించిరి. 1947లో, టంగుటూరి ప్రకాశం పంతులుగారు ముఖ్యమంత్రిగా నున్నపుడు గాని ఆ నిషేధము తొలగలేదు. ముప్పదియారేండ్లు! అచ్చువేయించినపుడు ముప్పదిరెండేండ్ల వయసు గల ఆ విదుషి, అది మరల వెలుగు చూచునాటికి వృద్ధురాలైరి.

ఈ మధ్యకాలమున ఆమె మరియొక కార్యమునకు పూనుకొనిరి. కావేరీతీరమున తిరువయ్యారులో త్యాగరాజస్వామి సమాధి పాడుపడియున్నదని 1921లో వారి గురువు బిడారము కృష్ణప్పగారు ఆమెకు తెలియజేసిరి. తెలుగు కీర్తనలతో జీవించిన మనము ఆ సంగతి పట్టించుకొనలేదు; ఆమె పట్టించుకొనిరి. స్థలము సంపాదించి, తమ సొంత ధనముతో మందిరము కట్టించి, 1925 జనవరిలో ప్రతిష్ఠ జరిపించిరి. విచిత్రమేమనగా, అచ్చట ఆరాధన జరుపుచుండిన రెండు పక్షముల విద్వాంసులును స్త్రీలను పాడనీయకుండిరి. గుడి కట్టించిన చేయి కావలెను, పాడు గొంతు వలదు! నాగరత్నమ్మగారు తగవునకు దిగి అలసిపోలేదు. 1927 మొదలు స్త్రీలను కూర్చుకొని వేరుగా ఆరాధన సాగించిరి. 1940 ప్రాంతమున పక్షములన్నియు ఏకమై, స్త్రీలకు పాడు హక్కు లభించెను.

వార్ధక్యమున ఆమె తిరువయ్యారులోనే నివసించిరి. 1949లో వ్రాసిన వీలునామాలో తమ ఆస్తిని స్వామి సేవకే ఇచ్చుచు, దేవదాసీలతో సహా స్త్రీలకు అచ్చట పూజించుటకును, పాడుటకును హక్కుండవలెనని షరతు విధించిరి. ఎన్నో దస్తావేజులు చూచిన నాకు ఇంత చక్కని షరతు మరియొకటి కానరాలేదు. 1952 మే 19వ తేదీన ఆమె దివంగతులైరి. స్వామి సన్నిధికి ఎదురుగా ఆమె సమాధియు, విగ్రహమును గలవు.

మన గ్రంథాలయమున రాధికాసాంత్వనము లేదు. అట్టి పుస్తకము పల్లెలో ఎందులకని కొందరు పెద్దలు లోగడ సందేహించిరి. వారితో నేనును తల యూపినవాడనే. ఈ యుత్సవ సందర్భమున నా సొంత ప్రతిని ఇచ్చుచున్నాను. దాఖలా పుస్తకమున గ్రంథకర్త్రి గడిలో ముద్దుపళని పేరును, దాని క్రిందనే పరిష్కర్త్రియని నాగరత్నమ్మగారి పేరును నా చేతులారా వ్రాసితిని.