పరాయి రాష్ట్రపు పాత కారుకు తెలంగాణ నంబరు: నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాలు

వేరే రాష్ట్రంలో రిజిస్టరై అక్కడ కొన్నేళ్లు తిరిగిన కారును కొని నల్లగొండకో మహబూబ్‌నగర్‌కో తెచ్చుకున్నవారు దానికి తెలంగాణ నంబరు వేయించుకోవాలి. పాత ఆర్టీఏ ఆఫీసు ఇచ్చే ఎన్‌ఓసీ (నిరభ్యంతర పత్రం), ఇక్కడ కట్టే లైఫ్ ట్యాక్స్, బండి తనిఖీ, యజమాని పేరు మార్పు అన్నీ ఈ పనిలో భాగమే. అన్నీ పూర్తయ్యాక నంబరు ప్లేటు మీద నల్లగొండ బండికి టీజీ 05, మహబూబ్‌నగర్ బండికి టీజీ 06 వస్తుంది. విదేశం నుంచి ఓడలో వచ్చే పాత కార్లకు నిబంధనలు వేరు. ఈ జిల్లాల్లో బయటి బండి అంటే సాధారణంగా పక్క రాష్ట్రాలది, లేదా ఢిల్లీది.

దీనికి కారణం భూగోళమే. ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాకు పడమర కర్ణాటక, దక్షిణాన కృష్ణా, తుంగభద్రల అవతల కర్నూలు. హైదరాబాద్–బెంగళూరు జాతీయ రహదారి 44 జడ్చర్ల, పెబ్బేరు మీదుగా అలంపూర్ చౌరస్తా దాటి కర్నూలులోకి దిగుతుంది. ఉమ్మడి నల్లగొండకు కృష్ణా అవతల గుంటూరు, పల్నాడు. విజయవాడకు వెళ్లే జాతీయ రహదారి 65 మీద సూర్యాపేట తరువాత కోదాడ దాటితే ఆంధ్రప్రదేశే. మక్తల్, గద్వాల వీధుల్లో రాయచూరు నంబరు కేఏ 36 ఎవరికీ వింతగా తోచదు. చుట్టరికాలు, బేరసారాలు, ఆస్పత్రులు సరిహద్దుకు రెండు వైపులా ఉన్నచోట బండ్లూ రెండు వైపులా చేతులు మారతాయి.

చట్టం చెప్పేది

మోటారు వాహనాల చట్టం, 1988 ప్రకారం ఒక రాష్ట్రంలో చేసిన రిజిస్ట్రేషన్ దేశమంతటా చెల్లుతుంది. 46వ సెక్షన్ ఈ మాట సూటిగానే చెబుతుంది. అయినా నంబరు మార్చుకోవలసి వస్తుంది, ఎందుకంటే రిజిస్ట్రేషన్ కేంద్ర చట్టం కిందిదైనా బండి మీద పన్ను రాష్ట్రానిది. రాయచూరులో కట్టిన లైఫ్ ట్యాక్స్ కర్ణాటక ఖజానాకు పోయింది. బండి నల్లగొండ రోడ్ల మీద తిరుగుతుంటే పన్ను తెలంగాణకు రావాలి. ఈ వ్యవహారంలో ప్రతి ఫారం వెనకా ఈ లెక్క ఉంది.

గడువుల దగ్గర చాలామంది పొరబడతారు. 47వ సెక్షన్ ప్రకారం బండిని మరో రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంచితే కొత్త నంబరు తీసుకోవాలి. బెంగళూరు నుంచి బదిలీ మీద మహబూబ్‌నగర్ వచ్చిన ఉద్యోగి సొంత కారుకు ఈ వెసులుబాటు వర్తిస్తుంది. రాయచూరులో కారు కొన్న మనిషి మాత్రం ఏడాది టైముంది కదా అని కూర్చుంటే కుదరదు. 50వ సెక్షన్ ప్రకారం కొన్నవారు 30 రోజుల్లో యాజమాన్య మార్పును తమ ప్రాంత ఆఫీసుకు తెలపాలి. అమ్మినవారికి సొంత రాష్ట్రంలో అమ్మకానికి 14 రోజులు, బయటి రాష్ట్రానికి అమ్మితే ఎన్‌ఓసీ పంపడానికి 45 రోజులు గడువు.

ప్రాంత కోడ్‌ల కథ

రెండు అక్షరాల రాష్ట్ర సంకేతం, దాని పక్కన ప్రాంతపు అంకె ఉండే నేటి పద్ధతి 1989లో, కొత్త చట్టంతో పాటు వచ్చింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మహబూబ్‌నగర్‌కు ఏపీ 22, నల్లగొండకు ఏపీ 24 దక్కాయి. కర్నూలుది ఏపీ 21, కృష్ణా జిల్లాది ఏపీ 16, గుంటూరుది ఏపీ 07. పాతికేళ్ల పాటు పాలమూరు (మహబూబ్‌నగర్) వాళ్లు బస్టాండులో ఏపీ 22 చూసి మన ఊరి బండి అని పోల్చుకున్నారు.

2014 జూన్‌లో తెలంగాణ ఏర్పడగానే టీఎస్ వచ్చింది. జిల్లాల అంకెలను కొత్తగా కేటాయించారు: ఆదిలాబాద్ 01తో మొదలై నల్లగొండకు 05, మహబూబ్‌నగర్‌కు 06. సొంత బండ్ల సిరీస్ ఈఏ అక్షరాలతో ఆరంభమైంది. రవాణా వాహనాలకు యూ, ఆర్టీసీ బస్సులకు జెడ్, పోలీసు వాహనాలకు పీ కేటాయించారు. పాత ఏపీ నంబర్లన్నిటినీ టీఎస్‌కు మార్పించాలన్న ప్రతిపాదన అప్పట్లో గట్టిగానే వినిపించింది గానీ అమలు కాలేదు. అందుకే నేటికీ నల్లగొండలో ఏపీ 24 బండ్లు కనిపిస్తాయి. వాటికి ఎన్‌ఓసీతో పనిలేదు. అవి ఇక్కడే పుట్టినవి. అదే వరసలో నిలబడ్డ ఏపీ 16 కారు ఇప్పుడు పొరుగు రాష్ట్రపు బండి. దాన్ని కొంటే అక్కడి ఆఫీసు నుంచి ఎన్‌ఓసీ తెచ్చుకోవాల్సిందే. పాత బండి బేరంలో ప్లేటు మీద ఏపీ అన్న అక్షరాలొక్కటే చూస్తే చాలదు, పక్కనున్న అంకె కూడా చూడాలి.

2016 అక్టోబరు 11న జిల్లాల పునర్విభజనతో కోడ్‌లు పెరిగాయి. ఉమ్మడి నల్లగొండ నుంచి విడిపోయిన సూర్యాపేటకు 29, యాదాద్రి భువనగిరికి 30 ఇచ్చారు. ఉమ్మడి మహబూబ్‌నగర్ నుంచి నాగర్‌కర్నూల్‌కు 31, వనపర్తికి 32, జోగులాంబ గద్వాలకు 33. 2019 ఫిబ్రవరిలో ఏర్పడిన నారాయణపేటకు 38. షాద్‌నగర్ రంగారెడ్డిలో కలిసింది, కొడంగల్ వికారాబాద్‌లో కలిసింది, ఆ ఊళ్ల కొత్త బండ్ల అంకెలూ అలాగే మారాయి. 2024 మార్చిలో కేంద్రం నోటిఫికేషన్ ఇవ్వడంతో టీఎస్ పోయి టీజీ వచ్చింది. అంకెలు మారలేదు, పాత టీఎస్ ప్లేట్లూ చెల్లుతున్నాయి. ఒక్క జిల్లాలోనే, ఏ నేరం లేకుండా, ఏపీ 22, టీఎస్ 06, టీజీ 06 పక్కపక్కన నిలబడే పరిస్థితి ఇలా ఏర్పడింది.

కోడ్ చెప్పేది రిజిస్ట్రేషన్ నాటి చిరునామాను మాత్రమే. మహబూబ్‌నగర్ కారును మిర్యాలగూడ మనిషి కొంటే నంబరు మారదు. ఆర్‌సీలో పేరు, చిరునామా మారతాయి. ఆంధ్రప్రదేశ్ 2019లో జిల్లా అంకెల పద్ధతినే వదిలి రాష్ట్రమంతటికీ ఏపీ 39 సిరీస్ పెట్టుకుంది. తెలంగాణ ఆ దారిన పోలేదు.

ఎన్‌ఓసీ నుంచి ఆర్‌సీ దాకా

మొదటి అడుగు బండి ఉన్న చోటే పడాలి. అమ్మే యజమాని ఫారం 28లో ఎన్‌ఓసీకి దరఖాస్తు చేస్తాడు. దాని మీద చాసిస్ నంబరు పెన్సిల్ అచ్చు ఉండాలి: బండి ఒంటి మీద చెక్కిన నంబరుపై పలచటి కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దితే 17 అక్షరాలూ తేలతాయి. మొదటి మూడు తయారీదారువి. మారుతీ బండ్లకు ఎంఏ3, హ్యుందాయ్‌కి ఎంఏఎల్, టాటాకు ఎంఏటీ. ఆర్‌సీలో మారుతీ అని రాసి ఉండి, అచ్చులో ఇంకేదో తేలితే ఆ బేరం అక్కడితో ఆపడం మేలు. చెక్కిన అక్షరాల చుట్టూ రంగు కొత్తగా మెరుస్తున్నా, వెల్డింగ్ గుర్తులున్నా అనుమానించాల్సిందే.

ఎన్‌ఓసీ ఇచ్చే ఆఫీసు పన్ను బకాయిలు చూస్తుంది, దొంగ బండి కాదని పోలీసు రికార్డుతో సరిచూస్తుంది. బండి మీద ఫైనాన్స్ ఉంటే అప్పు తీరిందని ఫారం 35 మీద బ్యాంకు సంతకం కావాలి. ఏ ఆఫీసుకు వెళ్తున్నదో ఎన్‌ఓసీలో రాస్తారు. నల్లగొండకు తీసుకెళ్లే బండికి అక్కడ హైదరాబాద్ అని రాయించుకుంటే మళ్లీ వెనక్కి పరుగెత్తాల్సి వస్తుంది. దరఖాస్తు చేసిన 30 రోజుల్లో ఆఫీసు ఏ జవాబూ ఇవ్వకపోతే ఎన్‌ఓసీ మంజూరైనట్టేనని 48వ సెక్షన్ అంటుంది. అయితే కాగితం చేతిలో లేకుండా ఆ వాదన పట్టుకొని కౌంటరు దగ్గర నిలబడితే పని ముందుకు సాగడం కష్టం. తెలంగాణ రవాణా శాఖ చాలాకాలం జాతీయ ‘వాహన్’ వ్యవస్థలో కలవకుండా సొంత సాఫ్ట్‌వేర్‌తోనే నడిచింది. పరాయి రాష్ట్రపు ఎన్‌ఓసీ నిజానిజాలు తేల్చడం అందుకే ఇక్కడ ఒక్క క్లిక్కుతో అయ్యే పని కాలేదు.

ఇక్కడికి వచ్చాక కొన్నవారు స్లాట్ బుక్ చేసుకొని జిల్లా రవాణా అధికారి ఆఫీసుకో దగ్గర్లోని యూనిట్ ఆఫీసుకో బండితో సహా వెళ్లాలి. కొత్త నంబరుకు ఫారం 27, యాజమాన్య బదిలీకి ఫారం 29, ఫారం 30. వాటికి తోడు ఒరిజినల్ ఆర్‌సీ, ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్, చిరునామా రుజువు. ఎంవీఐ (పాతతరం నోట ఇప్పటికీ బ్రేకు ఇన్‌స్పెక్టరే) ఇంజిన్, చాసిస్ నంబర్లు కాగితాలతో సరిచూస్తాడు. కొత్త నంబరు కేటాయించాక ఆ సంగతి పాత ఆఫీసుకు చేరాలి, అప్పుడే అక్కడి రికార్డు ఇక్కడికి మారుతుంది.

డబ్బు విషయంలో అసలు బరువు ఫీజులది కాదు, లైఫ్ ట్యాక్స్‌ది. 1963 నాటి మోటారు వాహనాల పన్ను చట్టం తెలంగాణకు ఉమ్మడి రాష్ట్రం నుంచి సంక్రమించింది. 2022లో సవరించిన రేట్లలో 5 లక్షల లోపు కారుకు 13 శాతం, 5 నుంచి 10 లక్షలకు 14, 10 నుంచి 20 లక్షలకు 17, ఆపైన 18 శాతం ఉండేవి; ఖరీదైన బండ్ల మీద తరువాత ఇంకా పెంచారు. పాత బండికి వయసును బట్టి ఈ మొత్తం తగ్గుతుంది. అయినా 8 లక్షల కారుకు 14 శాతమంటే 1,12,000 రూపాయలు; నాలుగైదేళ్లు తగ్గించి లెక్కేసినా చౌకగా దొరికిందనుకున్న బేరంలో లాభం చాలావరకు ఇక్కడే కరిగిపోతుంది. పాత రాష్ట్రంలో మిగిలిన కాలానికి పన్ను వాపసు అడగవచ్చు. కొత్త నంబరు పడిన ఆర్‌సీ చూపాకే అది కదులుతుంది. చాలామంది దాని వెంట తిరగలేక వదిలేస్తారు.

ఢిల్లీ బండ్లు, మార్చని పేర్లు

ఢిల్లీ పరిసరాల్లో పదేళ్లు దాటిన డీజిల్, పదిహేనేళ్లు దాటిన పెట్రోలు బండ్లు తిరగరాదని జాతీయ హరిత ట్రిబ్యునల్ ఇచ్చిన ఆదేశాలను 2018 అక్టోబరులో సుప్రీంకోర్టు సమర్థించింది. దాంతో అక్కడి డీజిల్ కార్లు తక్కువ ధరకు బయటి రాష్ట్రాలకు అమ్ముడుపోయే దారి పడింది. చూపుకు మంచి బండి, ధర సగం. అయితే సొంత కారు రిజిస్ట్రేషన్ మొదటిసారి 15 ఏళ్లకే చెల్లుతుంది. పదకొండేళ్ల బండి కొన్నవారు ఇక్కడ ట్యాక్స్ కట్టిన నాలుగేళ్లకే రెన్యూవల్‌కు నిలబడాలి. 2022 ఏప్రిల్ నుంచి 15 ఏళ్లు దాటిన కారు రెన్యూవల్ ఫీజు 5,000 రూపాయలు.

పేరు మార్చకుండా, సంతకం పెట్టించుకున్న ఖాళీ ఫారాలతో బండిని ఇంకొకరికి అమ్మేయడం పాత బండ్ల వ్యాపారంలో ముదిరిన అలవాటు. దాని నష్టం అమ్మినవారికే ఎక్కువ. రికార్డులో ఎవరి పేరుందో వారే యజమాని అని, ప్రమాదం జరిగితే పరిహారం బాధ్యత వారి మీదే పడుతుందని 2018లో సుప్రీంకోర్టు తేల్చింది. రాయచూరులో అమ్మేసి మరిచిపోయిన కారు దేవరకొండ దగ్గర మనిషిని గుద్దితే నోటీసు రాయచూరుకే పోతుంది. కొన్నవారూ 14 రోజుల్లో ఇన్సూరెన్స్ కంపెనీకి బదిలీ సంగతి తెలపాలి. 2023 ఏప్రిల్ నుంచి అమలైన నిబంధనల ప్రకారం గుర్తింపు పొందిన పాత వాహనాల డీలరు తన చేతికి వచ్చిన బండిని ఫారం 29సీలో రవాణా శాఖకు తెలిపితే, అమ్ముడుపోయేదాకా డీలరే యజమానిగా లెక్క.

ప్లేటు

కొత్త నంబరు వచ్చాక పాత హై సెక్యూరిటీ ప్లేటు పనికిరాదు, కొత్తది బిగించుకోవాలి. అల్యూమినియం పలక మీద క్రోమియం అశోకచక్రం, లేజర్‌తో చెక్కిన క్రమసంఖ్య, విప్పితే విరిగిపోయే స్నాప్ లాక్ దాని గుర్తులు. కారుకు 500 × 120 మిల్లీమీటర్లు లేదా 340 × 200 మిల్లీమీటర్ల కొలత. ముందు అద్దం లోపలి వైపు అంటించే స్టిక్కరు మీద నంబరు, ఇంజిన్, చాసిస్ వివరాలుంటాయి కాబట్టి అదీ మార్చాలి. డీజిల్‌కు నారింజ రంగు, పెట్రోలుకు, సీఎన్‌జీకి లేత నీలం. సొంత కారుకు తెల్ల పలక మీద నల్ల అక్షరాలు, ట్యాక్సీకి పసుపు మీద నలుపు. పరాయి రాష్ట్రంలో ట్యాక్సీగా తిరిగిన కారును సొంతానికి మార్చుకొనేవారు ముందు పర్మిట్ రద్దు చేయించుకోవాలి, ఆపైనే మిగతా పని.

విదేశీ పాత కార్లు

గల్ఫ్ నుంచో అమెరికా నుంచో సొంత కారును ఇంటికి తేవాలన్న ఆశ నిబంధనల దగ్గరే చల్లారిపోతుంది. దిగుమతి విధానం ప్రకారం కారు వయసు మూడేళ్లు మించరాదు, స్టీరింగ్ కుడివైపే ఉండాలి, స్పీడు మీటరు కిలోమీటర్లలో చూపాలి. అమెరికా కార్లు, గల్ఫ్ కార్లు ఎడమ స్టీరింగువి కావడంతో ఆ ఒక్క షరతుతోనే చాలామంది దారి మూసుకుపోతుంది. పాత బండ్లు ముంబై ఓడరేవు ద్వారానే దిగాలి. చాలాకాలం మూల కస్టమ్స్ సుంకమే 125 శాతం. ఇవన్నీ దాటిన కారును కస్టమ్స్ క్లియరెన్స్ పత్రంతో, ఫారం 20తో కొత్త బండి లాగే మొదటిసారి రిజిస్టరు చేయాలి. మామూలు కారుకు 600 రూపాయలుగా ఉన్న కేంద్ర రిజిస్ట్రేషన్ ఫీజు దిగుమతి కారుకు 5,000. పదిహేనేళ్లు నిండాక రెన్యూవల్‌కు 40,000.