గళ్ల పటముపై లెక్కలు

ఆటలతో లెక్కలు నేర్పుట క్రొత్త ఊహ కాదు. క్రీస్తుపూర్వము 4వ శతాబ్దమున గ్రీకు తత్త్వవేత్త ప్లేటో తన ‘శాసనములు’ అను గ్రంథపు 7వ భాగమున ఈజిప్టు పిల్లలను గూర్చి చెప్పెను. పండ్లను, పూలదండలను ఒకమారు ఎక్కువమందికి, ఒకమారు తక్కువమందికి పంచుచు, వారు ఆటలోనే లెక్క నేర్చెదరట! తన దేశీయుల అజ్ఞానమును ఎత్తిపొడుచుటకే ఆయన ఇది వ్రాసినట్లు తోచును.

ఆట నిజముగా పనిచేయునా యని కొలిచి చూచుటకు మాత్రము చాలకాలము పట్టెను. పేదయిండ్ల పిల్లలు బడిలో చేరకమునుపే సంఖ్యాజ్ఞానమున వెనుకబడి యుందురు. ఆ లోటు పిదప సులభముగ పూడదు. అమెరికాలో గీతా రమణి, రాబర్ట్ సీగ్లర్ అట్టి పిల్లలు 124 మందిపై చేసిన ప్రయోగమును 2008లో ప్రకటించిరి. కొందరికి 1 నుండి 10 వరకు అంకెలున్న గళ్ల పటమును, కొందరికి అంకెలకు మారుగా రంగులున్న పటమును ఇచ్చిరి. 2 వారములలో 4 మార్లు, మారునకు 15-20 నిమిషములు ఆడించిరి. అంతే. అంకెలతో ఆడినవారు లెక్కించుటలో, ఏ సంఖ్య పెద్దదో చెప్పుటలో మెరుగుపడిరి. 9 వారముల పిదపను ఆ లాభము నిలిచియుండెను. రంగులతో ఆడినవారికి అది కలుగలేదు.

కిటుకు నడకలో నున్నది. 3వ గడిలోని పిల్లవాడు రెండు గళ్లు జరుగునపుడు ‘ఒకటి, రెండు’ అనక ‘నాలుగు, ఐదు’ అనవలెను. అప్పుడు పెద్ద సంఖ్యకు ఎక్కువ దూరము, ఎక్కువ సేపు పట్టునని కంటికి, చెవికి, చేతికి తెలియును. ప్రతిమారు ఒకటినుండి లెక్కించిన ఫలము చాల తక్కువయని లాస్కీ, సీగ్లర్ 2014లో చూపిరి. వైకుంఠపాళి ఆడు మన పిల్లలును తరచు ‘ఒకటి, రెండు’ అనియే కాయను నడుపుదురు. గడిలోని అంకెను పైకి చదువువారు అరుదు.